మూడు రెక్కల గుర్తు

పొగమ్మ స్టూలు మీద నిలబడి, హాలు కప్పుకు బిగించిన పొగ అలారాన్ని పొడిగుడ్డతో తుడుస్తోంది. తడిగుడ్డ పనికిరాదు. తెల్లటి మూత చుట్టూ ఉన్న సన్నని చీలికల్లో దుమ్ము పేరుకుంటుంది. దుమ్ము వెనకాలే కంటికి ఆనీ ఆనని పురుగులు చేరతాయి. వాటినే పొగ అనుకుని అలారం ఊరికే గగ్గోలు పెడుతుంది. అందుకని అప్పుడప్పుడూ బ్రష్షుతో ఒక్కో చీలికా దులుపుతుంది. దులిపాక అలారాన్ని ఎడమవైపుకు తిప్పి ఊడదీసి, కింద చేతులు చాచి నిలబడిన మరదలికి అందించింది.

"పాత బ్యాటరీ తీసెయ్. కొత్తది కిటికీలో పెట్టాను."

"నాకెక్కడొస్తుంది వదినా? ఇదేమన్నా రిమోటా?"

"రిమోటు కన్నా తేలిక. వెనక్కి తిప్పి చూడు, చిన్న తలుపుంటుంది."

పొగమ్మ ఆమె అసలు పేరు కాదు. అలారాలు బాగుచేసే వర్క్‌షాపులో సూపర్‌వైజరు సరదాగా పెట్టిన పేరు. పొద్దస్తమానం అలారాలకు పొగ పెట్టి, అరుస్తున్నాయో లేదో వినడమే ఆమె పని. ఆ పేరు ఆమెతోపాటే బస్సెక్కి ఇంటిదాకా వచ్చేసింది. తమ్ముడు కూడా ఉత్సాహంగా ఉన్నప్పుడు "ఏం పొగమ్మా, ఇవాళ ఎందరి చెవులు పగలగొట్టావు?" అంటాడు.

ఉయ్యాలలో పాప లేచి ఏడుపందుకుంది. మరదలు అలారాన్ని బల్ల మీద పెట్టి పాపను ఎత్తుకుంది. భుజం మార్చింది. వీపు నిమిరింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కాకిని చూపించింది. పాప కాకిని చూసి మరింత ఏడ్చింది. పొగమ్మ స్టూలు దిగి, చేతులు చీరకు తుడుచుకుని, "ఇలా ఇవ్వు" అంది. భుజాన వేసుకుని ఏదో అర్థం లేని కూనిరాగం తీసింది. పాప ఎక్కిళ్ళు పెట్టింది, ఒకసారి ముక్కు రాసుకుంది, ఊరుకుంది. గుప్పెడంత చెయ్యి అత్త జాకెట్టు అంచును పట్టుకుంది.

తీసుకెళ్ళిన గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన ఎదురింటావిడ గుమ్మంలోంచి ఇదంతా చూసింది.

"బాగానే ఉంది వరస! కన్నతల్లి ఎత్తుకుంటే ఏడుపు, మేనత్త ఎత్తుకుంటే జోలపాటా? రేపు బళ్ళో వేసేటప్పుడు తల్లి ఎవరని రాయిస్తారమ్మా?"

ముగ్గురూ నవ్వారు. మరదలి నవ్వు అందరికన్నా ముందు ఆగిపోయింది. ఆమె పాప గుప్పిట వైపు చూసి, చూపు తిప్పుకుని, బల్ల మీది అలారాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. చిన్న తలుపు కోసం వెనక్కి తిప్పింది.

"వదినా, ఇదేంటి?"

పసుపుపచ్చని చీటీ మీద, నల్లటి చుక్క చుట్టూ మూడు రెక్కలు.

"ఆసుపత్రిలో ఎక్స్‌రే గది తలుపు మీద ఉంటుంది ఈ గుర్తు. కడుపుతో ఉన్నవాళ్ళు లోపలికి రాకూడదని నన్ను బయటే ఆపేశారు." అలారాన్ని ఒంటికి దూరంగా పట్టుకుంది. "దీన్ని తెచ్చి పాప ఉయ్యాల పైన పెట్టావా?"

*

సాయంత్రం తమ్ముడు వచ్చాక పొగమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

"లోపల రెండు రేకులుంటాయి. మధ్యలో గాలి. ఒక చిన్న బిళ్ళ మీద అమెరీషియం అనే లోహం పూసి ఉంటుంది. పూత ఉందంటే నమ్మాలి తప్ప కంటికి కనబడదు. దాంట్లోంచి రవ్వల్లాంటివి ఎగిరి గాలిని కొడుతుంటాయి. అలా దెబ్బతిన్న గాలి కరెంటును మోస్తుంది. చీమలు బారుకట్టి చక్కెర మోసినట్టు, ఈ రేకు నుంచి ఆ రేకుకు. పొగ వచ్చిందనుకో, పొగ నలుసులు వెళ్ళి ఆ చీమలకు అంటుకుంటాయి. బారు చెదురుతుంది. కరెంటు తగ్గుతుంది. తగ్గిందని తెలియగానే అరుస్తుంది. అంతే."

"మరి ఆ రవ్వలు బయటికి రావా?" అన్నాడు తమ్ముడు.

"నాలుగు వేళ్ళ వెడల్పు గాలి దాటలేవు. ఒక్క కాగితం అడ్డుపెడితే ఆగిపోతాయి. మన ఒంటి చర్మం కూడా దాటలేవు. ఆ డబ్బాను పగలగొట్టి లోపలిది మింగితే తప్ప భయం లేదు. మేం దాన్ని తెరవనే తెరవం. పాతబడితే అలాగే పెట్టెలో పెట్టి, తయారు చేసినవాళ్ళకే పంపేస్తాం."

తమ్ముడు తలూపాడు. నిజానికి బాగానే విన్నాడు. మరదలు కూడా విన్నది. మధ్యలో "కాగితమేనా? మామూలు కాగితమేనా?" అని అడిగింది కూడా. అంతా అయ్యాక పాప దుప్పటి సర్దుతూ తల ఎత్తకుండా అంది:

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు వదినా. కానీ రేడియేషన్ రేడియేషనే కదా? నువ్వు రోజంతా వాటి మధ్యనే ఉండి వస్తావు. కొన్నాళ్ళు పాపను ఎత్తుకోకు. తప్పుగా అనుకోకు."

పొగమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడు తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

"కొన్నాళ్ళే అక్కా. దాని మనసు కుదుటపడేదాకా."

ఆ సాయంత్రమే ఆమె అలారాన్ని సంచిలో వేసుకుంది. కప్పుకు రెండు మేకు రంధ్రాలు మిగిలాయి.

*

గోరంత మాట కొండంత కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ముందు సబ్బు వేరయింది. కుళాయి దగ్గర పొగమ్మ సబ్బు ఒక పక్క, ఇంట్లోవాళ్ళ సబ్బు ఇంకో పక్క. తర్వాత కంచం. ఒకరోజు ఆమె వర్క్‌షాపు నుంచి వచ్చి, అలవాటు కొద్దీ తీగ మీద ఆరిన పాప గుడ్డలు తీసి మడతపెట్టింది. చిన్న చొక్కాలు చేతుల కొలతకు సరిగ్గా సరిపోతాయి. అరచేతితో నొక్కితే చాలు, ఇస్త్రీ అక్కర్లేదు. మరదలు ఆ మడతల దొంతరను అందుకుని, తీసుకెళ్ళి మళ్ళీ బకెట్లో నానబెట్టింది. మొహం మీద కోపం లేదు. ఉంటే పొగమ్మ ఒక మాట అనగలిగేది.

ఉయ్యాల హాల్లోంచి పడగ్గదిలోకి వెళ్ళింది. తలుపు వేసి ఉంటోంది. పాప ఏడిస్తే ఆ ఏడుపు తలుపు కింది సందులోంచి వస్తుంది. పొగమ్మ వంటింట్లో గిన్నెలు తోముతూ వింటుంది. అలారాల గొంతులు పోల్చుకోవడం ఆమె వృత్తి. బ్యాటరీ అయిపోయినప్పటి కీచు వేరు, దుమ్ము పడితే వచ్చే అరుపు వేరు, నిజం పొగకు అరిచే అరుపు వేరు. పాప ఏడుపులో కూడా ఆమెకు తేడా తెలుసు. ఇది ఆకలి కాదు. ఇది నిద్ర. ఎడమ భుజం మీద వేసుకుని రెండు అడుగులు అటూ ఇటూ నడిస్తే ఆగిపోయే ఏడుపు. చేతులు సబ్బు నురగలో ఉండగానే ఆమె పాదాలు వంటింటి గచ్చు మీద అటూ ఇటూ కదిలేవి. ఏడుపు ఎప్పటికో సొమ్మసిల్లి ఆగేది.

ఒకసారి తలుపు ఓరగా ఉంటే లోపలికి చూసింది. పాప తల తిప్పి చూసి బోసినోటితో నవ్వింది. మరదలు వచ్చి నెమ్మదిగా తలుపు దగ్గరికి వేసింది.

*

వర్క్‌షాపులో పొగమ్మ బల్ల కిటికీ పక్కన ఉంటుంది. హోటళ్ళనుంచి, హాస్టళ్ళనుంచి, ఆసుపత్రులనుంచి వచ్చిన అలారాలు బుట్టల్లో ఉంటాయి. ఒక్కోదాన్ని గాలిగొట్టంతో ఊది, బ్రష్షుతో దులిపి, గాజుపెట్టెలో వేలాడదీస్తుంది. దూదివత్తి వెలిగించి ఊదేసి, ఆ పొగను పెట్టె అడుగు నుంచి వదులుతుంది. చెవుల్లో దూది పెట్టుకుని ఎదురుచూస్తుంది. అలారం అరిచిందంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. అరవనివి పక్కనున్న పెద్ద పెట్టెలోకి పోతాయి. పెట్టెకు తాళం. ఆ తాళం చెవి పొగమ్మ దగ్గరే ఉంటుంది. సూపర్‌వైజరు దగ్గర కూడా రెండోది లేదు.

ఆ బుధవారం ఆమె తాళం చెవి తీసి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది.

"నన్ను ప్యాకింగులో వెయ్యండి."

"వేళాకోళమా?"

"కాదు సార్."

"ప్యాకింగంటే ఖాళీ అట్టపెట్టెలూ, కొత్త మూతలూ. అందులో నీ చెవికి పనేముంది? ఏమైంది? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో పసిపిల్ల ఉంది."

సూపర్‌వైజరు పెన్ను పక్కన పెట్టాడు. "ఆ గుర్తు చూసి జడుసుకున్నారా? నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను."

"చెప్పినా?"

ఆయన తాళం చెవిని సొరుగులో వేశాడు.

ప్యాకింగులో ఉండే పెద్దావిడ టేపు చుట్టతో సిద్ధంగా ఎదురైంది. "రావే తల్లీ, రా. గాజుపెట్టె రాణీ అట్టపెట్టెల్లోకి దిగింది. ఇంతకీ ఆ పిల్ల నీకేమన్నా పింఛనిస్తానందా?"

"మాటలు రావు దానికింకా."

"మాటలొచ్చినవాళ్ళు ఇచ్చారా ఏంటి?"

పొగమ్మ నవ్వింది. సాయంత్రందాకా పెట్టెల అంచులు కలిపి టేపు అంటించింది. చెవుల్లో దూది లేకపోయేసరికి లోకం మరీ దగ్గరగా ఉన్నట్టనిపించింది. కిటికీ పక్కన ఎవరూ లేరు. బుట్టలు నిండుతున్నాయి. అయినా బస్సులో ఆమె మనసు తేలిగ్గానే ఉంది. ఒళ్ళో సంచి పెట్టుకుని, దాని మీద చేతులు వెల్లకిలా పెట్టి చూసుకుంది. ఇక ఈ చేతులకు వంక లేదు.

*

భోజనాల దగ్గర చెప్పింది.

"ఇక ఆ అలారాల బల్ల దగ్గర కూర్చోను. ప్యాకింగుకు మారాను. అక్కడ కొత్త మూతలూ అట్టలూ తప్ప ఇంకేమీ ముట్టుకోను."

తమ్ముడు ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు. "జీతం?"

"కొంచెం తగ్గుతుంది. పర్లేదు."

ఆమె మరదలి మొహం చూసింది. అక్కడ ఒక మార్పు వచ్చింది. కళ్ళు వెలిగాయి. పొగమ్మ కంచంలో చెయ్యి కడిగేసుకుని లేవబోయింది, ఇప్పుడే, ఈ క్షణమే పాపను ఎత్తుకోవచ్చునేమోనని.

"అయితే ఆ సీటు ఖాళీయేనా వదినా?"

"ఏ సీటు?"

"అదే, నీ బల్ల. మా తమ్ముడు చినబాబు ఊరికే ఇంట్లో కూర్చుని అమ్మ ప్రాణం తీస్తున్నాడు. నువ్వొక మాట చెబితే తీసుకుంటారు కదా? ఇక్కణ్ణుంచి వెళ్ళొస్తాడు. మన దగ్గరే ఉంటాడు."

పొగమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, తనకే సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుంది.

"అక్కడ రేడియేషన్ ఉంటుంది కదా?"

"అబ్బే, నువ్వే చెప్పావుగా! కాగితం అడ్డుపెడితే ఆగిపోతుందట. ఒంటి చర్మం కూడా దాటదట. డబ్బా తెరవకపోతే సరి." మరదలు భర్త వైపు తిరిగి ఉత్సాహంగా అంది. "చీమలబారు అని ఎంత బాగా చెప్పింది, గుర్తుందా? చినబాబుకు కూడా అలాగే చెప్పాను ఫోన్లో. ఇట్టే అర్థమైపోయింది వాడికి."

"ఎప్పుడు చెప్పావు?" అంది పొగమ్మ.

"మొన్నెప్పుడో. ఆదివారమనుకుంటా."

తమ్ముడు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి చాలాసేపు తాగాడు.

*

చినబాబు పేరుకే చిన్న. గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోతుంది. మనిషి మాత్రం మంచివాడు. వచ్చీ రాగానే "అక్కా, నీ శిష్యుణ్ణి" అని చేతులు జోడించాడు. సోమవారం పొద్దున ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. పొగమ్మ మాట మీదే అతణ్ణి తీసుకున్న సూపర్‌వైజరు, పని నేర్పమని ఆమెనే పిలిచాడు.

ఆమె తన కుర్చీ వెనక నిలబడి నేర్పింది. గాలిగొట్టాన్ని మరీ దగ్గరగా పెట్టకూడదు. బ్రష్షు ఒకే వైపుకు తిప్పాలి. వత్తి మండుతూ ఉండకూడదు, ఊదేశాక వచ్చే పొగే కావాలి. చినబాబు మొదటి అలారానికి కెవ్వున ఎగిరిపడి, తనమీద తనే పగలబడి నవ్వాడు. చుట్టుపక్కలవాళ్ళూ నవ్వారు. పొగమ్మ అతనికి దూది ఇచ్చింది.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అతను ఒక అలారాన్ని తిప్పి ఆ మూడు రెక్కల గుర్తును బొటనవేలితో రుద్దాడు.

"నిజం చెప్పు అక్కా. దీనివల్ల ఏమీ కాదా? రేపు నాకూ పెళ్ళి కావాలి, పిల్లలు పుట్టాలి."

అతని కళ్ళల్లో భయం ఉంది. అసలు సిసలైన భయం. ఇన్నాళ్ళలో ఆమె మొదటిసారి చూసింది దాన్ని. ఒక్క మాట చాలు. ఏమోనయ్యా, ఎవరికి తెలుసు అంటే చాలు, సాయంత్రం బస్సుకే తిరుగుముఖం పడతాడు. ఆమె నోరు తెరిచింది.

"ఏమీ కాదు" అంది. "ఆ డబ్బా మాత్రం ఎప్పుడూ తెరవకు."

*

సాయంత్రం తలుపు తీసింది తమ్ముడు. హాల్లో చాప మీద పాప బోర్లా పడుకుని తల పైకెత్తుతోంది. చినబాబు చెప్పులు విడుస్తూనే "ఏమే బంగారం!" అంటూ వెళ్ళి పాపను రెండు చేతులా ఎత్తి గాల్లోకి లేపాడు. అతని చొక్కా చేతుల మీద బూడిదరంగు దుమ్ము ఉంది. బ్రష్షుతో దులిపినప్పుడు పడే దుమ్ము.

పొగమ్మ అప్పటికే కుళాయి దగ్గర తన సబ్బు చేతిలోకి తీసుకుంది. తిప్పిన కుళాయి కారుతూనే ఉంది. ఆమె ఎదురుచూసింది. గాజుపెట్టె ముందు చూసినట్టే, ఊపిరి బిగబట్టి. ఎవరో ఒకరు అనాలి. చేతులు కడుక్కోరా అని. బట్టలు మార్చుకో అని. అంటే చాలు. అలా అంటే ఇంట్లో ఉన్నది భయమేనని తేలుతుంది. భయమైతే తను ఎన్నాళ్ళైనా దూరంగా కూర్చోగలదు, పసిబిడ్డ తల్లికి భయం ఉండదా అని సర్దుకోగలదు.

"మామయ్య వచ్చాడే! మామయ్య ఉద్యోగం చేసి వచ్చాడే!" అంది మరదలు చప్పట్లు కొడుతూ.

పొగమ్మ చేతులు కడుక్కుంది. మోచేతులదాకా కడుక్కుంది. తుడుచుకుని హాల్లోకి వచ్చి చేతులు చాచింది. పాప మామయ్య భుజం మీదనుంచి ఆమెను చూసి ఒళ్ళంతా ముందుకు వాల్చింది. చినబాబు నవ్వుతూ "పోతావా అత్త దగ్గరికి?" అని అందించబోయాడు.

"అబ్బ, దానికి నిద్రవేళ" అంటూ మరదలు మధ్యలోకి వచ్చి పాపను అందుకుంది. పడగ్గది తలుపు పడింది. లోపల ఏడుపు మొదలైంది. తమ్ముడు టీవీ శబ్దం పెంచాడు.

భోజనాలయ్యాక ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే తమ్ముడు వచ్చి, అడగకుండానే గుడ్డ తీసుకుని కంచాలు తుడవడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు కూడా తప్పు చేస్తే ఇలాగే వచ్చి పని అందుకునేవాడు.

"దానికి నిజంగానే భయమా?" అని అడిగింది పొగమ్మ.

తమ్ముడు తుడిచిన కంచాన్నే మళ్ళీ తుడిచాడు.

"భయం ఆ మొదటి రోజే పోయిందక్కా. నువ్వు చెప్పాకే పోయింది."

"మరి?"

"పాప నీకోసం తల తిప్పి చూస్తుంది. అలా చూడటం దాని తల్లి కంటబడుతుంది." కంచాన్ని కింద పెట్టాడు. "నాకు మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. ఆ గుర్తు ఉంది కదా, దానంతట అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను."

పొగమ్మ అతని చేతిలోంచి గుడ్డ తీసుకుని ఆరేసింది. పొడి కంచాలను ఒకదానిమీద ఒకటి పేర్చింది. తన కంచం వేరే అరలో పెట్టబోయి, ఒక క్షణం ఆగి, ఆ అరలోనే పెట్టింది.

*

పొద్దున్నే లేచి మంచం మీది దుప్పటి మడిచింది. చీరలు, దువ్వెన, చెప్పుల జత, దిండు కింది కళ్ళద్దాలు. ఇన్నేళ్ళ సామాను ఒక పెట్టెలోనూ ఒక సంచిలోనూ సులువుగా పట్టేసింది. ప్యాకింగు పెద్దావిడ నిన్న సాయంత్రం టేపు చుట్టలు సర్దుతూ, అడగకుండానే ఒక మాట అంది: "మా ఇంట్లో రెండో మంచం మీద పాత పేపర్లు పడుకుంటున్నాయి. వాటిని లేపడం పెద్ద పనేం కాదు."

చినబాబు చాప మీద గురకపెడుతున్నాడు. ఇంకా బస్సుకు వేళ కాలేదు. పడగ్గది తలుపు మూసే ఉంది. లోపల పాప మేలుకుని ఏవో ఊసులాడుకుంటోంది. ఏడుపు కాదు. గోడతోనో, తన వేళ్ళతోనో కబుర్లు. పొగమ్మ తలుపు బయట నిలబడి విన్నది. తలుపు మీద చెయ్యి పెట్టలేదు. పెట్టెను నేల మీద ఈడిస్తే చప్పుడవుతుందని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"వదినేనా?" లోపల్నుంచి నిద్రగొంతుతో మరదలు అడిగింది. "వచ్చేటప్పుడు పాప సబ్బు తీసుకురా. అయిపోవచ్చింది."

తమ్ముడు పాలు తీసుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. పెట్టెను చూశాడు. సంచిని చూశాడు. మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు ఒకసారి చూసి, మళ్ళీ అక్క వైపు చూసి, పాలగిన్నెను గుండెకు దగ్గరగా పట్టుకుని, ఆమె వెళ్ళడానికి వీలుగా గోడకు ఒదిగి నిలబడ్డాడు.

ఆమె వాడి పక్కనుంచి మెట్లు దిగింది.